నేవీ ఆఫీసరు, మా నాయనమ్మ

నా చిన్నప్పుడు సముద్రం చూసొచ్చిన మనిషంటే మా జహీరాబాద్‌లో అందరికీ అబ్బురమే. ఆ అబ్బురాన్ని ఓట్లుగా మార్చుకోవాలని ఒకాయన వచ్చాడు.

నిజాం కాలంలో ఆయన దొరల భూములు పేదలకు పంచుతానని తుపాకి పట్టినవాడు. తర్వాత ఎవరి కాళ్లు పట్టుకున్నాడో గాని, నేవీలో ఆఫీసరయ్యాడు. రిటైరై వచ్చి, ఒకప్పుడు ఏ దొర గడీ మీద కాల్పులు జరిపాడో ఆ దొర కొడుకు జీపులోనే ఎన్నికలకు తిరగసాగాడు. నౌకరీ అయిపోయినా పతకాలు గుచ్చిన తెల్ల యూనిఫాం విడవలేదు. చుక్క నీటికి కటకటలాడే మా పక్క ఝరాసంగం రైతులకు తుఫానుల కథలు చెప్పేవాడు.

తుపాకి రోజుల్లో కాలికి గుండు తగిలి వచ్చిన ఆయనకు తలుపు తీసి, జొన్నల గాదె వెనుక దాచింది మా నాయనమ్మ. అందుకు రజాకార్లు కొట్టిన దెబ్బలకు మా తాతయ్య కుడి చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

మీటింగుకు నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన మైకు పట్టుకుని, "నెత్తురు కారుకుంట ఊరంత తిరిగిన. ఒక్కరు కూడ తలుపు తియ్యలే!" అన్నాడు. జనం మా వైపు చూశారు. నాయనమ్మ లేచి ఆయన ముందుకు వెళ్లి నిలబడింది.

"కాలు మంచిగైందా బిడ్డా?" అని అడిగింది.

ఆయన ముఖం పాలిపోయింది. గుర్తుపట్టాడు. అయినా మరుక్షణమే నవ్వు తెచ్చుకుని, పంచడానికి తెచ్చిన చీరల్లోంచి ఒకటి తీసి, "పాపం, ముసలమ్మ" అంటూ ఆమె చేతిలో పెట్టాడు. నాయనమ్మ ఆ చీర మడత విప్పి, ఆయన భుజాల చుట్టూ పతకాలు కనబడకుండా కప్పింది.

"నీకే అక్కరుంది. కప్పుకో" అని, నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చాక నేను ఏడుస్తూ, అలాంటివాణ్ని అసలెందుకు దాచావని అడిగాను.

"వాడు గిట్లయిండని నేను తలుపు తీసుడు తప్పయితదా? రేపు ఇంకొకరు నెత్తురుతోని వస్తె ఏం జెయ్యాలె?" అంది, రొట్టె తిప్పుతూ.

ఆయన గెలిచాడు. అలాంటివాళ్లు గెలుస్తారు. ఇప్పుడు హైవే పక్కన ఆయన విగ్రహం కూడా ఉంది. ఆటోలో దాని ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ అసహ్యాన్ని నేనేమీ దాచుకోను. కానీ ఆయన కథ విని, "మీ నాయనమ్మ మోసపోయింది" అని మా మనవలు నవ్వితే మాత్రం ఊరుకోను. దిగజారినవాడు ఆయన. మా నాయనమ్మ చేసిన పనిలో ఈనాటికీ నాకు ఏ లోపమూ కనిపించదు.