బాబాయి తెరవని పుస్తకం

కలరా ఉండల వాసన తగిలితే ఇప్పటికీ నాకు చిరాకే. మా బాబాయి తోలు అట్టల పాత సాహస నవలలు కొనుక్కొచ్చి, ఆ ఉండలు వేసి బీరువాలో దాచేవాడు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"పోనీ, కథైనా చెప్పు బాబాయ్!"

"నేను మాత్రం చదివానా ఏంటమ్మా? తెరిస్తే కుట్టు వదిలిపోదూ!"

ఆయనకు అవన్నీ కంఠతా వచ్చనుకున్న నాకు ఏడుపొచ్చింది. మర్నాడు ఏలూరు రోడ్డులోని పాత పుస్తకాల కొట్లో, బీరువాలో ఉన్న నవలల్లో ఒకదాని చిరిగిన కాపీ కొనిచ్చాడు. నేను చదివి చెబుతుంటే అన్నం తినడం మానేసి వినేవాడు. తీరా ఓడ మునిగేచోటికి వచ్చేసరికి చివరి పేజీలు లేవు.

"బీరువాలో ఉందిగా!" అని అరిచాను.

"వద్దమ్మా, పాడైపోద్ది."

నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయి కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి తనే తాళం తీశాడు. కుట్టు నిజంగానే వదిలింది. ఆ సంగతి ఇద్దరం కథ పూర్తయ్యాకే చూసుకున్నాం.