అడవి గేటు దగ్గర పెన్సిల్

పక్కింటి ఆంటీ పోయారు. గురువారం పొద్దున అంకుల్ ఫోన్ చేసి, "మీ ఆంటీ వెళ్లిపోయిందమ్మా. హాస్పిటల్లోనే, నిద్రలోనే" అన్నారు. మళ్లీ ఆయనే, "ఏడవకు. ఏడ్చేవాళ్లని చూస్తే దానికి చిరాకని తెలుసుగా" అన్నారు. తెలుసు. అందుకే ఏడవడమయ్యాక, ముఖం కడుక్కుని, నవ్వుతూ రాయాలని కూర్చున్నాను.

రాయకపోతే ఆవిడ ఊరుకోరు కూడా. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ చేసిన ప్రతి పనీ నోట్‌బుక్‌లోకి ఎక్కాల్సిందేనట. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. పెరుగు ఎన్నింటికి తోడుపెట్టారో ఫ్రిజ్ మీద చీటీ ఉండేది. ఇదేంటి ఆంటీ అంటే, "రాయలేదంటే జరగలేదనే లెక్కమ్మా" అనేవారు.

నేనూ మా ఆయనా అమెరికాలో బాతెల్ అనే సిటీలో ఉద్యోగాలు చేస్తూ, అక్కడికి గంట దూరంలో ఈ ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాం. సామాన్లింకా అట్టపెట్టెల్లో ఉండగానే ఆంటీ తలుపు తట్టారు. పాలు కావాలా, పంచదార కావాలా అని కాదు. "అమ్మాయ్, అడవి చూశావా?" అన్నారు.

మా వీధి చివర ఒక ఇనప గేటు, దాని అవతల చిన్న చెక్క వంతెన, ఆపైన కనుచూపు మేర క్రిస్మస్ చెట్లలాంటి ఫిర్ చెట్లు. ఎవరి ఎస్టేటో అనుకుని మేం అటుకేసి వెళ్లనేలేదు. "పర్మిషన్ అక్కర్లేదా ఆంటీ?" అని నసిగాను. "కౌంటీ అడవే తల్లీ, అంటే జిల్లావాళ్లది. కౌంటీదంటే మనదే. నడు" అని ఆవిడ ముందు నడిచారు.

లోపల వంటగదంత చెట్టు మొద్దు ఒకటుంది. దాని పక్కల్లో రెండు గంట్లు. వెనకటి రోజుల్లో కూలీలు ఆ గంట్లలో పలకలు దోపి, వాటి మీద నిలబడి రంపం లాగేవారట. ఏదో కలప కంపెనీ చెట్లన్నీ కొట్టి పట్టుకుపోయి, మోడులు మిగిలిన నేలకి పన్ను కట్టడం దండగని వదిలేస్తే అది కౌంటీ చేతికొచ్చింది. వాళ్లు మళ్లీ మొక్కలు నాటి, జనం నడవడానికి బాటలు వేశారు. ఈ కథ ఆంటీ నాకు నలభైసార్లయినా చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ ఆ మొద్దు కాస్త పెరిగేది.

గేటు పక్కన చెక్క పెట్టెలో కౌంటీవాళ్ల పుస్తకం ఉంటుంది. పేరు, ఎంతమంది, లోపలికి వెళ్లిన వేళ, బయటికొచ్చిన వేళ. పెన్సిల్‌ని పురికొసతో ఆ పెట్టెకి కట్టింది ఆంటీయే. చివరి గడి ఖాళీగా వదిలితే ఒప్పుకునేవారు కాదు. "వచ్చినట్టు రాయకపోతే నువ్వింకా లోపలే ఉన్నట్టు. వెతుక్కుంటూ వస్తారు పాపం" అనేవారు.

ఆవిడతో వెళ్లిన రోజు ఆవిడ పేరు పక్కన 'ఇద్దరు' అని పడేది. ఒక్కదాన్నే వెళ్లినప్పుడు నేను ఆ పెట్టె మూత కూడా ఎత్తేదాన్ని కాదు. రోజూ నడిచే మా వీధి తెలుగువాళ్లెవరూ ఎత్తేవాళ్లు కాదు.

కొన్నేళ్లకి గేటు మీద నోటీసు పడింది. వంతెన పాతబడిపోయింది, ఇటు నుంచి వాడేవాళ్లు లేరు, వచ్చే వసంతంలో ఈ గేటు మూసేస్తాం, అభ్యంతరాలుంటే మీటింగ్‌కి రండి అని. ఆంటీ కౌంటీ ఆఫీస్‌కి ఫోన్ చేసి, నేరుగా మా వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"పుస్తకాలన్నీ తిరగేశారట. ఒక్కటే పేరుందట. నాదే! ఇంతమంది నడుస్తారు కదా, ఒక్కళ్లూ రాయరా?"

నేను తల దించుకుని, "గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కదా ఆంటీ... గవర్నమెంట్ బుక్‌లో పేరెందుకులే అని..." అన్నాను.

"ఇమిగ్రేషన్ వాళ్లకి నీ వాకింగ్ తప్ప వేరే పనేం లేదనుకున్నావా?" అంటూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆపేశారు. "నేను డ్రైవింగ్ మానేశాను కదమ్మా. రెండో గేటు హైవే మీద ఎక్కడో ఉంది. ఇది మూస్తే నాకిక అడవి లేదు." సిగ్గుతో చచ్చిపోయాను.

మీటింగ్‌లో మనిషికి మూడు నిమిషాలిచ్చారు. ఆంటీ ఒక్క నిమిషం మాట్లాడి, "మిగతా టైమ్ ఈ అమ్మాయికిస్తున్నా" అని నావైపు చెయ్యి చూపించారు. ముందు ఒక్క మాటైనా చెప్పలేదు! లేచి నా పేరు చెప్పాను. రోజూ నడుస్తాను, పుస్తకంలో రాయలేదు, తప్పు మాదే అన్నాను. ఎందుకు రాయలేదని బల్ల వెనక పెద్దాయన అడిగాడు. భయమేసిందన్నాను. ఆయన నవ్వలేదు. వెనక కుర్చీలు జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే మా వీధి వీధంతా లేచి నిలబడి ఉంది. చీర మీద స్వెటర్, కాళ్లకి స్నీకర్లు వేసుకున్న మా అత్తగారితో సహా.

ఏడాది గడువిచ్చారు. ఆ ఏడాది ఆంటీ మమ్మల్ని బతకనిచ్చారా! సాయంత్రం కాగానే పుస్తకం చెక్ చేసి, రాయనివాళ్ల ఇంటికి వెళ్లేవారు. మా అత్తగారు తెలుగులోనే రాసేవారు. వేళ గడిలో 'కాఫీ అయ్యాక' అని పెట్టేవారు. పిల్లలు కుక్కల పేర్లు కూడా ఎక్కించారు. "డేటా పాడు చేయకండర్రా!" అంటూ ఆంటీ ఆ కుక్కలన్నిటినీ పుస్తకంలోంచి కొట్టేశారు. గేటు నిలిచింది. వంతెనకి కొత్త పలకలు పడ్డాయి.

నిన్న ఒక్కదాన్నే అక్కడికి వెళ్లి పుస్తకం తెరిచాను. ఆసుపత్రిలో చేరిన రోజు ఆవిడ రాసిన వరస ఉంది. పేరు, ఇద్దరు, లోపలికి వెళ్లిన వేళ తొమ్మిదింపావు. చివరి గడి ఖాళీ. ఆ రోజు ఆయాసం వచ్చి అంకుల్ భుజం పట్టుకుని బయటికొచ్చారట. పెన్సిల్ జోలికి పోలేదు.

ఆవిడ కాగితం మీద అలాంటి ఖాళీ నేనెప్పుడూ చూడలేదు. అంకుల్‌ని అడిగి వేళ నింపేద్దామని పెన్సిల్ అందుకున్నాను. అంతలో, రాయలేదంటే జరగలేదనే లెక్క కదా అనిపించింది. ఆవిడ గడి అలాగే ఖాళీగా ఉంచి, కింద వరసలో నా పేరు రాసి, పెన్సిల్ వదిలేసి వంతెన ఎక్కాను. వెనక అది పురికొసకి వేలాడుతూ, పెట్టెకి టక్ టక్ మని కొట్టుకుంటోంది.