పచ్చ టోపీ గాలి

మా తాతకు పుట్టినప్పుడే ముసలయ్య అని పేరు పెట్టారు. అరవై ఎనిమిదేళ్లు కష్టపడి ఆ పేరు నిలబెట్టుకున్నాడు. మద్దేడ్‌లో రోడ్డు పక్కన ఆయనది పంక్చర్ దుకాణం. రేకు మీద హిందీలో ‘హవా’, అంటే గాలి, అని ఉంటుంది. అది చదవడం రాకుండానే నలభై ఏళ్లు దాని కింద కూర్చున్నాడు. టైరును బొటనవేలితో నొక్కి గాలి ఎంతుందో చెబుతాడు. మోకాళ్లు మాత్రం ఆయన మాట వినడం మానేశాయి.

ఈ ఏడు బీజాపూర్ దగ్గర పెట్రోలు బంకులో నైట్రోజన్ పెట్టారు. అది నింపిన టైర్లకు గాలి పట్టే చోట పచ్చ టోపీలు బిగిస్తారు. మా గిరాకీలు ఒక్కొక్కరే పచ్చ టోపీలతో మా ముందు నుంచే పోవడం మొదలైంది. తాత దాన్ని ‘నైట్ గాలి’ అనేవాడు, రాత్రి ప్రయాణాలకని అనుకుని. వినడానికి బాగుందని నేను సరిదిద్దలేదు.

చివరికి సవారీ జీపు నడిపే కేసా ఒక్కడు మిగిలాడు. అతనూ పోతే దుకాణం మూసేస్తానని తాత రోజూ అనేవాడు. ఒకనాడు కేసా జీపుకూ పచ్చ టోపీలు కనిపించాయి. తాత ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.

పది రోజులకు, నిండా సంత జనంతో, ఆ జీపు మా ముందే ఆగింది. వెనక టైరులో గాలి తగ్గింది. బంకు చాలా దూరం. అయినా కేసా జంకాడు.

“మామూలు గాలి కలిస్తే టైరు పేలుద్దంట, తాతా.”

నేను ఎనిమిదో తరగతితోనే బడి మానేసినదాన్ని గానీ ఒక పాఠం గుర్తుంది. గాలిలో అయిదింట నాలుగు వంతులు నైట్రోజనే అని చెప్పాను.

తాత నా వైపు అలసటగా చూశాడు. “అంటే ఇన్నేండ్లు నేను కొట్టింది ఏంది?”

“అదే తాతా, కొంచెం కల్తీది.”

ఆయన నవ్వలేదు. కరెంటు లేదు. కాలితో తొక్కే పంపు తీశాడు. నేను తొక్కుతానంటే పక్కకు నెట్టాడు. ఆగి ఆగి, ఆయాసపడుతూ తొక్కి, చివర బొటనవేలితో నొక్కి చాలన్నాడు. జీపు ఆ చక్రానికి పచ్చ టోపీ లేకుండానే వెళ్లిపోయింది.

కేసా మళ్లీ రావాలంటే ఆ టోపీని దాచాలనుకుని దుకాణమంతా వెతికాను. దొరకలేదు. తాత తువ్వాలు చివర ఏదో ముడి వేసి ఉంది. నా దొంగబుద్ధి ఎవరి పోలికో అప్పుడు తెలిసింది.

మూడో రోజు కేసా వచ్చాడు. “తాతా, నా టోపీ ఈడేమన్న పడిందా?”

తాత మోకాలు పట్టుకుని మెల్లగా లేచాడు.

“చూద్దాంలే. ముందు జీపు ఇటు తిప్పు. ముందు టైరు కూడా తగ్గినట్టుంది.”