ఆరుద్ర పురుగు కోసం ఆలూరు దాకా

సోమవారం మా టీమ్ లీడర్ జపాన్ విమానం ఎక్కుతున్నాడు. ఆయన చేతికిచ్చి పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. అక్కడి ఆఫీసులో పనిచేసే యుకో రెండేళ్లుగా నాకు బొటనవేలంత బొమ్మలు పంపుతోంది. ఆక్టోపస్, స్క్విడ్, జెల్లీఫిష్, నత్త... అన్నీ వెన్నెముక లేని జీవాలే. నా డెస్క్ మీద ఇరవై ఆరు చేరాయి. "మీ నేల మీది పురుగు ఒకటి పంపవూ?" అని మొన్న మెయిల్‌లో అడిగింది. ఇన్నాళ్లూ పుచ్చుకోవడమే గానీ ఇచ్చింది లేదు, నిజంగా సిగ్గేసింది. తొలకరికి కనిపించే ఎర్ర ముఖమల్ ఆరుద్ర పురుగు గుర్తొచ్చింది. దాని బొమ్మ ఏ దుకాణంలోనూ దొరకలేదు. ఆలూరులో బాలమణి అవ్వ ఏరువాకకు మట్టి ఎడ్లు చేస్తుందని మా క్యాబ్ డ్రైవర్ చెప్పాడు.

ఆదివారం ఉదయం ఏడుంపావుకు మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కాను. మొయినాబాద్ దాటేవరకు కిటికీ నిండా ఫామ్‌హౌస్ ప్లాట్ల బోర్డులే. పక్క సీటు పెద్దాయన నా బ్యాగు మీది కంపెనీ పేరు చూసి, "ఎన్ని గజాలు చూస్తున్నవమ్మా?" అన్నాడు. అంగుళం చాలన్నాను. దిగేదాకా నన్ను అనుమానంగానే చూశాడు.

చేవెళ్లలో టీ, రెండు మిర్చి బజ్జీలు. అక్కడినుంచి షేర్ ఆటోలో పది రూపాయలకు ఆలూరు.

అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది. సైజు చూపించడానికి తెచ్చిన ఆక్టోపస్‌ను అటూ ఇటూ తిప్పి, దీనికి ఏం పెట్టి సాకుతున్నావని అడిగింది. ఆరుద్ర పురుగు కావాలనగానే మట్టి ముద్ద తీసింది. ఆరు కాళ్లు పెట్టమన్నాను, ఇరవై ఆరు బొమ్మల పండితురాలిని కదా! ఎనిమిది అంది అవ్వ. ఎవరమూ తగ్గలేదు. ఇద్దరం ఇంటి వెనక చెలకలోకి నడిచాం. రాత్రి వానకు తడిసిన ఎర్రమట్టిలో ఒకటి దొరికింది. అరచేతిలో పెట్టుకోగానే కాళ్లన్నీ ముడుచుకుంది. కదలకుండా నిలబడ్డాం. కాసేపటికి మెల్లగా విప్పింది. ఎనిమిదే. నా ముఖం చూసి అవ్వ పడీ పడీ నవ్వింది.

ఒక్క బొమ్మ చాలన్నాను.

"ఎడ్లయినా పురుగులైనా జతనే చేస్త బిడ్డా. ఒంటిగ చెయ్య."

ఒకటి కాళ్లు చాపి, ఒకటి ముడుచుకుని తయారయ్యాయి. అవి ఎండలో ఆరేలోపు జొన్నరొట్టె పెట్టింది. ఎర్రమన్ను పూసి, డబ్బాలో సర్ది ఇస్తూ, "దూరం పోయేది ముడుసుకున్నదే గావాలె. కాళ్లు సాపింది ఇంట్ల ఉండనియ్యి," అంది. సరేనన్నాను గానీ, అందమైనదాన్నే యుకోకు పంపాలని అప్పటికే అనుకున్నాను.

నాలుగింటి బస్సు దొరికింది. మొయినాబాద్ దగ్గర ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. వెంటనే డబ్బా తెరిచాను. కాళ్లు చాపినదానికి రెండు విరిగాయి. నేను పట్టుబట్టినట్టే సరిగ్గా ఆరు మిగిలాయి! ఎంత నవ్వుకున్నానో. అది నా డెస్క్ మీదికే.

మీరు వెళ్తే తొలకరి పడ్డాక వెళ్లండి, అవ్వతో కాళ్ల లెక్క దగ్గర వాదించకండి. ముడుచుకున్నది చెక్కుచెదరలేదు. దాని పక్కన పెట్టాల్సిన చీటీ బస్సులోనే రాశాను. "యుకో, దీన్ని అరచేతిలో పెట్టుకుని కదలకుండా కాసేపు ఉండు."