ఉప్పునీటి ఎలుకల వసంతమ్మ

మంగళవారం పొద్దున పదకొండుంబావుకు హేమచంద్ తన కుడి అరచేతిని వేడిపలక మీద ఆనించి, ఎదురుగా ఉన్న గడియారం చూడసాగాడు. మూడో సెకనుకు చెయ్యి తీసేశాడు. నాలుగో సెకనుకు దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. యంత్రం సరిగ్గానే పనిచేస్తోందని ఎడమచేత్తో పుస్తకంలో రాసుకున్నాడు.

నిజానికి అది ఎలుకలు చేయవలసిన పని.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు కిరాయికిచ్చే ఫామ్‌హౌస్‌లు వరసగా వస్తాయి. వాటి మధ్య ఒక్కదాన్ని మాత్రం ఎలుకలకిచ్చారు. అది డాక్టర్ సీత ప్రయోగశాల. మార్ఫిన్ జాతి మందులు మన మెదడులో వెళ్లి కూర్చునే చోట్లు కొన్ని ఉంటాయి. అక్కడ కూర్చుంటే నొప్పి తెలియదు. చిక్కేమిటంటే, వదలలేని అలవాటు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. నొప్పిని తీసేసి, అలవాటు అంటించకుండా వెళ్లిపోయే మందు కోసం సీత పదేళ్లుగా వెతుకుతోంది. ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు హేమచంద్. ఆ ఎలుకలకు మేత వేసి, గూళ్లు కడిగి, అడుగున పరిచే పొట్టు మార్చే మనిషి వసంతమ్మ.

వసంతమ్మకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లు చేవెళ్ల చుట్టుపక్కల గులాబీ తోటల్లో కోతకు వెళ్లింది. ముళ్లతో పోలిస్తే ఎలుకలు ఎంతో మర్యాదస్తులని ఆమె అభిప్రాయం. కరుస్తాయిగానీ, చెప్పి కరుస్తాయి. ఎవరైనా "ఏం పని చేస్తున్నవ్ అవ్వా?" అంటే "సైంటిస్టుల దగ్గర" అని ఊరుకుంటుంది. ఎలుకల ఊసెత్తితే షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చుంటారు. నిజమే, దానివల్ల చోటు కలిసొస్తుంది. కానీ పరువు పోతుంది.

ఈ పనంటే ఆమెకు జీతానికి మించిన మమకారం ఉంది. భర్త బాల్‌రాజ్ చందనవెల్లిలో హమాలీ పనికి పోయి నడుం పట్టేసుకున్నాడు. మెడికల్ షాపతను ఏవో గోలీలిచ్చాడు. రెండు నెలల్లో నడుం నొప్పి పోయింది, గోలీలు పోలేదు. పది నెలలు మింగాడు. చివరికి దవాఖానలో ఉంచి మాన్పించాల్సి వచ్చింది. ఇప్పుడు ట్రాలీ ఆటోలో క్యారెట్ తోలుతున్నాడు. మనిషిని పట్టుకోని గోలీ ఒకటి ఈ ఫామ్‌హౌస్‌లో తయారవుతుందని తెలిసిన రోజు వసంతమ్మ గూళ్లను రెండుసార్లు కడిగింది.

ఇక ఆ మంగళవారం సంగతి. పరీక్ష సులువే. సగం ఎలుకలకు మందు సూది, సగం వాటికి ఉత్త ఉప్పునీటి సూది వేస్తారు. ఒక్కోదాన్ని వేడిపలక మీద పెడతారు. కాలు చురుక్కుమని నాకగానే తీసేస్తారు. ఉప్పునీటివి తొమ్మిదో సెకనుకల్లా నాకాలి. మూడు వారాలుగా అవి ఇరవై దాకా నిలబడి, రోడ్డు మీద జనాన్ని చూసినట్టు అటూ ఇటూ చూస్తున్నాయి. పద్నాలుగో నంబరైతే ఇరవై నాలుగు దాకా వచ్చి మీసాలు దువ్వుకుంది. అందుకే హేమచంద్ చేతికి ఆ గతి పట్టింది.

సీత లెక్కలు చూసి కళ్లజోడు తీసింది.

"మందు పెట్టినవాటికీ పెట్టనివాటికీ తేడా లేదు. కారణం తెలియకపోతే ఈ బ్యాచ్‌ని నమ్మలేం హేమచంద్. శుక్రవారం ఈ నలభైటినీ తీసేద్దాం. మళ్లీ మొదటి నుంచి."

"ఆరు నెలల పని మేడమ్!" అన్నాడు హేమచంద్, అరచేతిని ఊదుకుంటూ.

పొట్టు ఊడుస్తున్న వసంతమ్మ చేతిలో చీపురు ఆగింది. తీసేయడమంటే చంపడమేనని ఆమెకు తెలుసు. కారణమేమిటో కూడా ఆమెకే తెలుసు.

ఆ సాయంత్రం బాల్‌రాజ్‌కు చెప్పింది.

"గమ్మునుండు," అన్నాడతను, చాయ్ చల్లార్చుకుంటూ. "నోరిప్పితే పని పోతది. నువ్వు చెప్పకుంటే ఎవలు చెప్తరు, ఎలుకలు చెప్తయా?"

"ఎలుకలు చెప్పయి. గోలీలు మింగినన్ని దినాలు నువ్వు గూడ చెప్పలే. ఏమైంది?"

బాల్‌రాజ్ చాయ్ తాగే పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున సీత గది తలుపు దగ్గర వసంతమ్మ చెప్పులు విడిచింది. అక్కడ ఎవరూ చెప్పులు విడవరు.

"మేడమ్, జర నా మాట వినుండ్రి. యంత్రం తప్పు లేదు, సార్ తప్పు లేదు. నేనే బెల్లం పెట్టిన."

"ఎవరికి?"

"ఎలుకలకు."

హేమచంద్ లేచి నిలబడ్డాడు. సీత అతన్ని కూర్చోమన్నట్టు చెయ్యూపింది.

"నెల కింద మా మనవరాలికి చెవులు కుట్టిచ్చినం మేడమ్. బంగారం పని చేసే అవుసులాయన ముందుగాల దాని నోట్ల బెల్లంముక్క పెట్టిండు. అది చప్పరిస్తనే ఉన్నది, ఈయన తీగ గుచ్చనే గుచ్చిండు. పోరి కయ్యిమనలే. మా అందరికీ గట్లనే కుట్టిండ్రు. వీటిని చూస్తే పాపమనిపించింది. వేడి పెనం మీద నిలబెట్టవడితిరి, నోట్ల ఇంత తీపన్న పెట్టకపోతిరి అనుకొని..."

"ఎంత ముక్క?" అంది సీత.

"సెనగగింజంత."

"అన్నిటికీ సమానంగానా?"

"నా దగ్గర పక్షపాతం లేదు మేడమ్." వసంతమ్మ కాసేపు ఆలోచించింది. "పద్నాలుగో నంబరుకు మాత్రం జర ఎక్కువ."

"మూడు వారాలుగా ఆ యంత్రాన్ని తిడుతున్నానండీ నేను!" అన్నాడు హేమచంద్. "చెయ్యి కూడా కాల్చుకున్నాను!"

"నాకు చెప్పి చెయ్యి పెడితే మీకు గూడ ఇంత బెల్లం పెడుదును గద సార్."

సీత నవ్వు రాకుండా కాగితాల మీదికి వంగింది. తలెత్తినప్పుడు మాత్రం గొంతు గట్టిగానే ఉంది. "చాలా పెద్ద తప్పు వసంతమ్మా. నీ పని సంగతి శుక్రవారం మాట్లాడతాను. ఈలోపు బెల్లం ఎక్కడుందో హేమచంద్‌కి చూపించు."

గురు, శుక్రవారాలు ఉప్పునీటి ఎలుకలకే పరీక్ష. కొన్నిటికి బెల్లం లేదు. కొన్నిటికి తూచి పెట్టారు. ఇంకొన్నిటికి బెల్లంతోపాటు మరో సూది వేశారు. ఆ సూది ఎందుకని వసంతమ్మ అడిగింది. పని పోయేలా ఉన్నా, తెలుసుకుని పోవాలి కదా.

"మెదడులో మందు వెళ్లి కూర్చునే చోట్లున్నాయి కదా," అంది సీత. "ఇది ముందే వెళ్లి వాటిని ఆక్రమించేస్తుంది. తను ఏ పనీ చేయదు, ఇంకొకర్ని కూర్చోనివ్వదు."

"బస్సుల సీటు మీద దస్తీ ఏసినట్టా?"

సీత ఆ మాటను తన పుస్తకంలో రాసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి లెక్కలు తేలాయి. బెల్లం లేనివి తొమ్మిది సెకన్లు. బెల్లం తిన్నవి పంతొమ్మిది. బెల్లం తిని దస్తీ సూది వేయించుకున్నవి మళ్లీ తొమ్మిదే.

వసంతమ్మ గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఇంటికి తీసుకుపోవడానికి సిద్ధంగా తన టిఫిన్ గిన్నె, పాత చీరముక్క సంచిలో సర్దుకుంది.

"తీపి తగలగానే ఒళ్లే తన మందు తాను చేసుకుంటుంది," సీత చెప్పింది. "అదీ పోయి ఆ చోట్లలోనే కూర్చుంటుంది. పసిపిల్లలకు సూది వేసేముందు డాక్టర్లు చక్కెర నీళ్లు చప్పరింపజేసేది అందుకే. మీ అవుసులాయన చదువుకోకుండా చేసేదీ అదే."

"గట్లనా," అంది వసంతమ్మ. ఆమె చూపు గూళ్ల మీదే ఉంది. "మరి ఇవి?"

"కారణం తెలిసింది కనక ఉంటాయి. ఈ మూడు వారాల లెక్కలు మాత్రం కొట్టేయాలి. కొన్నాళ్లు ఆగి, బెల్లం లేకుండా మళ్లీ చేస్తాం. నువ్వు చెప్పకపోతే నలభై ఎలుకలూ పోయేవి, వచ్చే బ్యాచ్‌కీ నువ్వు బెల్లం పెట్టేదానివి."

"పెడుదును మేడమ్," అని వసంతమ్మ నిజం ఒప్పుకుంది.

"అందుకే చెబుతున్నా. నీ పని ఉంటుంది. నీ బెల్లం ఉండదు. పరీక్షకు ముందు ఏ ఎలుకకూ ఏమీ పెట్టకూడదు. పాపమనిపిస్తే నా దగ్గరికొచ్చి చెప్పు, ముందు వింటాను."

వసంతమ్మ సంచిలోంచి టిఫిన్ గిన్నె తీసి మళ్లీ కిటికీలో పెట్టింది. ఆ తర్వాత మాట తప్పలేదు. వారానికోసారి సీత దగ్గరికి పోయి, ఫలానా నంబరును చూస్తే పాపమనిపిస్తోందని చెప్పి వస్తుంది. సీత వింటుంది. రెండుసార్లు పలక వేడి కూడా తగ్గించింది.

రెండు నెలలకు అలవాటు పరీక్ష మొదలైంది. పక్కపక్కనే రెండు గదులున్న పెట్టె. మందు ఇచ్చిన గదినే ఎలుక వెతుక్కుంటూ పోతే, ఆ మందు పట్టుకునే రకమన్నమాట. హేమచంద్ మూడు రోజులు కొలిచి, నాలుగో రోజు చీటీ పట్టుకుని నేరుగా మేత మూటల దగ్గరికొచ్చాడు.

"వసంతమ్మగారూ, ఇలా అయితే కష్టమండీ. మందుండనీ, లేకపోనీ, మీరు ఎటు నిలబడితే ఎలుకలన్నీ ఆ గదిలోకే పరిగెత్తుతున్నాయి. నేను పిలిస్తే మూలకు పోయి నక్కుతున్నాయి!"

వసంతమ్మ మూట దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు సూది పట్టుకొని వస్తిరి, నేను మేత పట్టుకొని వస్తి, మీరే ఎలుకైతే ఎవలి దిక్కు ఉరుకుతరు సార్?"