పక్కింటాయన అనని మాట

తొమ్మిదేళ్ళుగా ఒక చిన్న అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చెబితే "దీనికింత బాధా?" అని నవ్వుతారు. మీరు నవ్వినా ఫరవాలేదు, ముందు వినండి.

కెనడాలో, కాల్గరీలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో హలీమా, ఆమె తల్లి అద్దెకుండేవారు. సూడాన్‌లో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న కొండల నుంచి వచ్చిన బెజా జాతివాళ్ళు. తరతరాలుగా ఒంటెలు, మేకలు కాచుకుంటూ బతికిన ఆ కొండల్లోనే వాళ్ళని పరాయివాళ్ళలా చూశారట. హలీమా తండ్రి ఓడరేవులో మూటలు మోశాడు. బడిలో హలీమా తమ భాష మాట్లాడితే టీచరే నవ్వేవాడట. పెద్దావిడకు ఆ భాష తప్ప మరొకటి రాదు. ఇంత మంచులో ఆవిడకు మిగిలింది కాఫీ ఒక్కటే. గింజలు పెనం మీద వేయించి, అల్లంతో దంచి, మట్టికూజాలో కాచి, చిట్టి కప్పుల్లో పోసేది. మూడు కప్పులు తాగాలి. రెండో కప్పుతో లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. మా అమ్మ పోయాక నన్నలా కూర్చోబెట్టినవాళ్ళు లేరు.

తొమ్మిదేళ్ళ కిందటి దసరాల్లో పేరంటం పెట్టుకున్నాను. వేడిగాలి వచ్చే వెంట్లలోంచి కింద వేయిస్తున్న గింజల పొగ పైకొచ్చింది. ఒకావిడ ముక్కు మూసుకుని, "కింద ఎవరికిచ్చారండీ? మనవాళ్ళెవరూ దొరకలేదా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్‌లో నా ఇంగువ పోపు మీద ఎవరో కంప్లెయింట్ చేస్తే మూడు రోజులు ఏడ్చినదాన్ని. ఆ ఏడుపు అప్పుడెందుకు గుర్తురాలేదు? గుర్తొచ్చే ఉంటుంది. కంప్లెయింట్ అన్న మాట ఎంత బాగా పనిచేస్తుందో తెలిసే వాడుకున్నానేమో.

మర్నాడు కిందికెళ్ళాను.

"హలీమా, పక్కింటాయన కంప్లెయింట్ చేశాడమ్మా. గింజలు వేయించే వాసన ఆయనకి పడట్లేదట."

ఆమె తల్లికి చెప్పింది. పెద్దావిడ నా ముఖంలోకి చూసి మెల్లగా ఏదో అంది.

"ఆయనకి సారీ చెప్పమంటోంది ఆంటీ. ఇంక వేయించదట."

వేయించలేదు. షాపులో పొడి కొనుక్కున్నారు. మా ఆయన కూడా నా మాట నమ్మి, "మంచోడనుకున్నానే!" అని పక్కింటాయనతో మాటలు తగ్గించేశాడు.

రెండేళ్ళకు వాళ్ళు ఎడ్మంటన్‌లో బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ చలికాలం నేను వాకిట్లో మంచు తోస్తుంటే, ముసలావిడ ఎలా ఉందని పక్కింటాయన అడిగాడు. ఒకసారి కూతురితో వచ్చి, ఫ్లాస్కు నిండా కాఫీ ఇచ్చి క్షమాపణ చెప్పిందట. తానెప్పుడూ కంప్లెయింట్ చేయలేదనీ, ఆ వాసన కోసం కిటికీ తెరిచి పెట్టుకుంటాననీ ఆయన చెప్పాడట. ఎప్పుడని అడిగాను. రెండేళ్ళ కిందట హాలోవీన్‌కి గుమ్మాల ముందు గుమ్మడికాయలు పెట్టే రోజులన్నాడు. అంటే నేను చెప్పిన కొద్ది రోజులకే.

తెలిసీ ఆవిడ వేయించలేదు. తెలిసీ రెండేళ్ళపాటు నాకు మూడో కప్పు పోసింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నన్ను క్షమించిందా? లేక ఇల్లు ఖాళీ చేయమంటానని భయపడిందా? కొండల్లో, ఓడరేవులో, చివరికి నా ఇంట్లో కూడా, నోరు మెదపకపోవడం అలవాటైపోయిందా? క్షమించిందనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. అందుకే ఆ మాట నమ్మలేను.

పోయిన నెల హలీమా ఫోన్ చేసింది. తల్లి పోయిందట. "మీరంటే అమ్మకి చాలా ఇష్టం ఆంటీ" అంది. ఆమెకూ అంతా తెలుసు. అప్పుడైనా చెప్పాల్సింది. ఏడ్చానంతే.

అందుకే మీకు చెబుతున్నాను. పక్కింటాయన ఏమీ అనలేదు. అన్నది నేను. నిజానికి ఆ వాసన నాకూ ఇష్టమే. అయినా అన్నాను.