ఇంగ్లండు ఖర్చులకు మేనత్త ఎర్రపెట్ట

అప్పట్లో మా వాకాడు వైపు పల్లెల్లో ఇంగ్లండు అంటే చలి, ఖరీదు అనే రెండు ముక్కలే తెలుసు. ఆ రెండూ నేర్పిన ఘనత నాదే. అక్కడికి చదువుకు వెళ్లబోతున్నానని తేలిన రోజు నుంచి, అరుగు కనబడితే చాలు, కూర్చుని అక్కడి ధరలు చెప్పేవాణ్ణి. స్నానానికి నీళ్లు కాగాలంటే గోడకున్న పెట్టెలో డబ్బు వెయ్యాలని చెబితే ఎవరూ నమ్మలేదు. (అది నిజం.) ఒక్క కోడిగుడ్డు కొనే డబ్బుతో మన దగ్గర కోడినే కొనొచ్చంటే అందరూ నమ్మారు. (అది అరుగు మీదే పుట్టింది.)

నన్ను పంపుతున్నది మిషను వారు. ఫీజు, గది, భోజనం అన్నీ తామే చూస్తామని, ఉన్నికోటు మాత్రం నన్నే కుట్టించుకోమని దొరసానిగారు స్పష్టంగా చెప్పారు. నేను ఊళ్లోకొచ్చి, "ఫీజు వాళ్లే కడతారంట" అని అక్కడితో ఆపాను. "మరి తిండికో?" అన్నారు పాస్టరుగారు. నేను నేలచూపులు చూశాను. కోటు కావాలని అడగడం నామోషీ. ఆకలితో ఉంటానని అనుకోనివ్వడం మాత్రం ఎందుకో నామోషీ అనిపించలేదు. పైగా నా మనసు పడింది మామూలు కోటు మీద కాదు, మద్రాసులో ఒక బట్టల షాపు అద్దాల వెనక చూసిన బూడిదరంగు కోటు మీద.

ఆ ఏటి కోతల పండుగ కానుకల వేలం నా తిండిఖర్చుకే అని చర్చిలో ప్రకటించారు. మా వేలానికి ఒక పద్ధతి ఉంది. గుమ్మడికాయో, పుంజో పాడుకున్నవాడు డబ్బు కట్టి, దాన్ని ఇంటికి తీసుకుపోకుండా తిరిగి బల్లమీదే పెడతాడు. మళ్లీ పాట మొదలు. అలా ఒకే గుమ్మడికాయ మధ్యాహ్నం దాకా అమ్ముడుపోతూ ఉంటుంది. కానుక తెచ్చింది పేదవాళ్లయితే, ఆఖరున పాడుకున్నవాడు దాన్ని వాళ్ల చేతికే ఇచ్చేస్తాడు. ఎవరూ పైకి అనరుగాని అందరికీ తెలిసిన సంగతే. ఆ ధైర్యంతోనే మా మేనత్త తన ఎర్రపెట్టను తెచ్చింది. భర్త పోయాక ఆమెకు మిగిలిన సంపాదన అదొక్కటే. దాని గుడ్లు టీచరమ్మకు అమ్మితే ఇంట్లోకి ఉప్పూ కిరసనాయిలూ వచ్చేవి.

వేలం వేసేది గంట తాత (చర్చి గంట కొట్టేదీ ఆయనే). పెట్ట చేతులు మారి మారి బల్లమీదికి తిరిగొస్తూ ఉంది. ఇంతలో వడ్లు ఎత్తుకుపోవడానికి వచ్చిన మనుబోలు లారీ ఆసామి, జనాన్ని చూసి లోపలికి తొంగిచూసి, ఎవరూ అనుకోనంత పెద్ద పాట పాడాడు. మావాళ్లు తెగ సంతోషించారు. ఆయన డబ్బు కట్టి, పెట్టను చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

"అయ్యా, పెట్టతో యాడికి పోతా ఉండావు?" అన్నాడు గంట తాత.

"ఇంటికి. కూర వండించుకోవాల గదా."

"మా ఈడ పాడినోళ్లు మళ్లీ ఇచ్చేస్తారు."

"ఇచ్చేసేదానికి కొనేది ఎందుకబ్బా?"

గంట తాత పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు పైకప్పు వైపు చూశారు.

అత్త లేచి నిలబడింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. నాకు తిండి ఉచితమే, ఆయన డబ్బు ఆయనకిచ్చి పెట్టను దింపించండి అనే మాట గొంతు దాకా వచ్చింది. బూడిదరంగు కోటు అడ్డం నిలబడింది. నా ముఖం చూసి, తన కోసం బాధపడుతున్నాననుకుంది అత్త.

"పోనీలే అబ్బయ్యా. ఆడ నువ్వు గుడ్డు తినేదానికి ఈడ నా పెట్ట పోయినాది. అంతే గదా," అని కూర్చుంది. లారీ కదిలేటప్పుడు మాత్రం తల పక్కకు తిప్పుకుంది.

ఇంగ్లండు హాస్టల్లో రోజూ పొద్దున ఉడికించిన గుడ్డును చిన్న గిన్నెలో నిలబెట్టి ఉచితంగా ఇచ్చేవారు. చెంచాతో దాని నెత్తిన కొట్టి తినాలి. కొట్టినప్పుడల్లా అత్త ఇంటి తలుపు తట్టినట్టుండేది. (తినడం మానానా అంటే, లేదు.)

తిరిగొచ్చిన ఏడు, కోతల పండుగ నాటి ఎండలో, ఆ వేలం డబ్బుతో కొన్న బూడిదరంగు కోటు వేసుకునే చర్చికి వెళ్లాను. పాస్టరుగారు నన్ను లేపి నిలబెట్టి, పరాయిదేశంలో నేను పడ్డ ఆకలి గురించి ప్రసంగం చేశారు. బొత్తాలు పట్టనంత లావెక్కానని ఎవరూ గమనించినట్టు లేదు. కారుతున్న చెమటను కన్నీళ్లనుకున్నారు. "మా పెట్టే వీణ్ణి ఆడ సాకినాది," అని అత్త పక్కవాళ్లతో గొప్పగా చెప్పుకుంది.

నా మొదటి జీతంతో ఆమెకు రెండు పెట్టలు కొనిచ్చాను. నిజం మాత్రం చెప్పలేదు. కోటు బొత్తిగా పట్టకుండా పోయాక, పొదిగే కోడి కింద పరుస్తానంటే అత్తకిచ్చాను. గంపలో మడతలు సర్దుతూ, "ఎంత మెత్తగా ఉండాది. ఎంతయినాదిరా?" అంది.

"గుర్తులేదత్తా," అన్నాను.

అత్త ఇప్పుడు లేదు. ఆ ప్రసంగం మాత్రం ఇంకా ఉంది. కొత్త పాస్టరుగారు మరింత కరుణరసంతో చెబుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను అక్కడ ఒక్కపూట కూడా పస్తుండలేదు. అంత మోజుపడ్డ కోటు కాలరు మీద ఒక కోడి దర్జాగా కూర్చుని, తల వాల్చి నన్ను ఎగాదిగా చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ కోటు ఎంతయిందో నాకు అప్పుడూ గుర్తుంది, ఇప్పుడూ గుర్తుంది. ఒక ఎర్రపెట్ట.